జిరోకాస్తర్‌లో గుంత పునుగుల పెనం

"ఒరేయ్, ఇది మన గుంత పునుగుల పెనం కదూ!" అంది అమ్మ. అల్బేనియాలోని జిరోకాస్తర్ ఊళ్లో, రాతిపలకల కప్పున్న ఒక పాత ఇంటి వంటగదిలో, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ గోడకు తగిలించిన నల్లటి పెనాన్ని దించి పొయ్యి మీద పెట్టింది. దానికి గుండ్రటి గుంతలు. మన ఇంట్లో ఉన్నదానికన్నా గుంతలు కొంచెం వెడల్పు, పిడి పొడుగు. అంతే తేడా. అమ్మ గుడివాడలో వదిలివచ్చిన పెనం ఇక్కడికి ఎలా వచ్చిందన్నట్టు దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఆ పెద్దావిడ దాని అడుగున వేలితో తట్టి, నవ్వి, "చిఫ్చి" అంది. ఆ ఊరివాళ్లు తమదేనని గర్వంగా చెప్పుకునే అన్నం ఉండల పేరు అది.

అక్కడిదాకా ఎలా వెళ్లామో చెబుతాను. అమ్మ మూడు నెలల కోసం మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చింది. ఒకసారైనా వాడిన మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా (జర్మనీతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లేది) చెల్లుబాటులో ఉంటే భారతీయులకు అల్బేనియాకు విడిగా వీసా అక్కర్లేదు. అమ్మది అదే రకం. (సింగిల్ ఎంట్రీ అయితే చిక్కు. తిరిగి జర్మనీలోకి రానివ్వరు. టికెట్లు కొనేముందు వీసా మీద ఆ ఒక్క మాట చూసుకోండి. నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ దేశపు విదేశాంగ శాఖ సైటు కూడా చూడండి.) మ్యూనిక్ నుంచి అల్బేనియా రాజధాని తిరానాకు విమానం రెండు గంటలలోపే. దిగిన విమానాశ్రయం పేరు 'నెన తెరెజా', అంటే మన మదర్ థెరిసా. ఆవిడ అల్బేనియన్ కుటుంబంలో పుట్టిన మనిషి. ఇండియా అనగానే పాస్‌పోర్టు కౌంటరు దగ్గరి కుర్రాడు ఆ పేరే చెప్పాడు. ఆ తరువాత వారం రోజుల్లో కనీసం పదిమంది చెప్పారు.

అమ్మకు కోటలు, మ్యూజియంలు అంటే మోకాళ్ల నొప్పులు. వంట అంటే ఆ నొప్పులు ఉండవు. అందుకే ఏప్రిల్ చివర్లో మూడు ఊళ్లలో మూడు వంటగదులు చూడాలని బయలుదేరాం. మూడింటికీ డబ్బులిచ్చింది నేను, నేర్చుకుంది అమ్మ.

తిరానాలో ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కున్న పాఠం ఒకటి. 'స్థానిక కుటుంబంతో ఇంటి వంట' అని రాసి ఉంది. మనిషికి 50 యూరోలు. మొదట 'పజారి ఇ రీ' అనే కొత్త బజారులో గంటసేపు తిప్పారు. ఆ గంట బాగుంది. ఆలివ్ కాయలు ఇన్ని రంగుల్లో ఉంటాయని నాకు తెలియదు. జీజ అనే పొడిపొడిగా ఉండే జున్ను రుచి చూపించారు. మన విరిగిన పాల కోవాకు ఉప్పు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ తరువాత తీసుకెళ్లింది కుటుంబం దగ్గరికి కాదు, ఒక రెస్టారెంటు కింది అంతస్తుకు. ఎనిమిదిమందిమి ఒక బల్ల చుట్టూ నిలబడ్డాం. బ్యురెక్ అంటే పల్చటి పిండి రేకుల మధ్య కూర పరిచి కాల్చే వంటకం. దాని కోసం రేకులు దుకాణం నుంచి తెచ్చిన పొట్లంలోంచి తీశారు. అమ్మ ఉల్లిపాయలు తరిగింది. ఫొటోలు తీశారు. "ఉల్లిపాయలు తరగడానికి ఐదువేల రూపాయలా!" అని దారి పొడవునా అంటూనే ఉంది. నిజమే. ఒక్కటి మాత్రం చెప్పాలి. అక్కడ తిన్న ఫర్గెస మాకు బాగా నచ్చింది. క్యాప్సికం లాంటి మిరపకాయలను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, టమోటాతో మగ్గించి, జీజ కలిపి మట్టిపాత్రలో ఉడికిస్తారు. అమ్మ మాటల్లో చెప్పాలంటే కారం మరిచిపోయిన కాల్చిన వంకాయ పచ్చడి. వంట నేర్చుకోవడానికైతే తిరానాలో ఆగవద్దు. రాజధానిని చూడాలనుకుంటే ఒక రోజు చాలు.

బెరాత్‌కు బస్సులో రెండున్నర గంటలు. ఓసుమ్ నదికి ఒక ఒడ్డున మంగలెమ్, మరో ఒడ్డున గోరిత్సా అనే పాత పేటలు. తెల్లటి ఇళ్లు కొండ మీదికి ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుంటాయి, వాటి నిండా కిటికీలే. 2008 నుంచి ఈ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అంతకుముందు 2005లో చేర్చిన జిరోకాస్తర్‌కు దీన్ని జతచేశారు. పైన కోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. బస్టాండు మాత్రం పాత ఊరికి దూరం. సిటీ బస్సు ఎక్కాలి.

మేము మంగలెమ్‌లో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. ఇద్దరికీ అల్పాహారంతో రాత్రికి 40 యూరోలు. గది శుభ్రం, కిటికీలోంచి నది కనిపిస్తుంది. కానీ వీధి నుంచి గదికి నున్నబడిన రాతి మెట్లు నలభై పైచిలుకు ఎక్కాలి. ఆ సంగతి ప్రకటనలో లేదు. వేడినీళ్ల బాయిలరు చిన్నది. ముందు స్నానం చేసినవాళ్లే అదృష్టవంతులు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది తీసుకునేముందు మెట్ల లెక్క అడగాలి.

వంట పాఠం మనిషికి 25 యూరోలు. అత్తగారు చేస్తుంటే ఇంగ్లీషు వచ్చిన కోడలు చెప్పేది. అత్తగారిని ఇంట్లో అందరూ 'జ్యూషె' అనేవారు, అంటే నానమ్మ. మేమూ అలాగే పిలిచాం. ఇక్కడ బ్యురెక్ రేకులు చేత్తోనే చేశారు. మైదాపిండిలో నీళ్లు, ఉప్పు, కాస్త నూనె. కోడిగుడ్డంత ముద్దలు చేసి, తడిగుడ్డ కప్పి నానబెట్టడం వరకు మనకు తెలిసినదే. ఆ తరువాత వచ్చింది అసలు పరీక్ష. వాళ్ల అప్పడాల కర్ర మన కర్రలా లావుగా ఉండదు. చూపుడువేలంత సన్నం, మూరన్నర పొడుగు. పేరు ఒక్లాయి. రేకును ఆ కర్రకే చుట్టి, రెండు అరచేతులూ మధ్య నుంచి అంచులకు జరుపుతూ ముందుకు దొర్లిస్తారు. విప్పి, పావువంతు తిప్పి, మొక్కజొన్న గంజిపొడి చల్లి మళ్లీ చుట్టడం. నాలుగైదు సార్లు ఇలా చేసేసరికి అరచేయంత బిళ్ల పళ్లెం దాటిపోయింది. జ్యూషె దాన్ని వెలుగుకు పట్టి చూపించింది. అవతల ఆవిడ ముక్కూ కళ్లూ కనిపించాయి. అమ్మ ఊపిరి బిగబట్టి, "పూతరేకే" అంది.

నలభై ఏళ్లుగా పుల్కాలు వత్తుతున్న మనిషి అమ్మ. మొదటి రేకు మధ్యలో చిరిగింది. రెండోది కర్రకే అతుక్కుపోయింది. మూడోది ఆంధ్రప్రదేశ్ పటంలా వచ్చింది. తప్పెక్కడో జ్యూషె మాటల్లో చెప్పలేదు. అమ్మ వెనక నిలబడి, తన చేతులు అమ్మ చేతుల మీద వేసి ఒకసారి దొర్లించింది. బలం కిందికి పెట్టకూడదట, పక్కలకు లాగాలట. నాలుగో రేకు గుండ్రంగా రాకపోయినా చిరగలేదు. చిరిగినవాటిని పారేయలేదు, మధ్య వరసల్లో వేశారు. పైరేకు, అడుగురేకు మాత్రమే బాగుండాలి, లోపలివి ఎవరికి కనిపిస్తాయి అన్నది కోడలు.

లోపలి కూర విషయంలో అమ్మ నిపుణురాలైపోయింది. వసంతంలో అక్కడ కొండ ఆకుకూరలు అమ్మకానికి వస్తాయి. బుట్టలోంచి ఒక పొడవాటి ఆకు తీసి కొరికి, "చుక్కకూర చెల్లెలు" అని తీర్పు చెప్పింది. నేను ఫోనులో వెతికాను. వాళ్లు లెప్యెత అనే ఆ ఆకుదీ మన చుక్కకూరదీ ఒకే ప్రజాతి. పుల్లదనం మాత్రం తక్కువ. దానితో పాలకూర, ఉల్లికాడలు, సోయికూర, జీజ కలిపి, తెప్సి అనే గుండ్రటి పళ్లెంలో రేకుల మధ్య పరిచి, ప్రతి వరసకూ నూనె, వెన్న చిలకరించి కట్టెల పొయ్యి ఓవెన్‌లో పెట్టారు. ముప్పావుగంటకు వచ్చిన వాసన గురించి రాయను, ఆకలేస్తుంది. కోస్ అనే గట్టి పెరుగుతో తిన్నాం. పెరుగును పలచన చేసి ఉప్పేసిన మజ్జిగ కూడా ఉంటుంది. అది చూశాక అమ్మకు ఇక ఈ దేశం మీద ఫిర్యాదులు లేకపోయాయి.

ఫిర్యాదు లేదన్నాను గానీ, తల ఊపడంతో వచ్చిన తంటా ఉంది. అల్బేనియన్లు అవునంటే తలను అటూ ఇటూ ఆడిస్తారు, కాదంటే పైకెత్తుతారు. "బాగుందా?" అంటే అమ్మ మన పద్ధతిలో తలాడించేది, వాళ్లకు వెంటనే అర్థమయ్యేది. కానీ "ఇంకొంచెం?" అన్నప్పుడు వద్దని తల అడ్డంగా ఊపితే అదీ అవుననే! మూడు ముక్కలు తిన్న మనిషికి నాలుగోది, ఐదోది పడ్డాయి. పైగా వాళ్ల భాషలో 'పో' అంటే అవును. వడ్డిస్తున్న ఆవిడ నవ్వుతూ "పో, పో" అంటుంటే అమ్మ మొహం చూడాలి.

బెరాత్ నుంచి జిరోకాస్తర్‌కు నేరు బస్సులు తక్కువ, అవీ ఉదయమే. ముందురోజే బస్టాండుకు వెళ్లి అడగండి. అంతర్జాలంలోని సమయాలను నమ్మి మేము ఒక బస్సు పోగొట్టుకున్నాం. చిన్న వ్యానులను 'ఫుర్గోన్' అంటారు, నిండాకే కదులుతాయి. బస్సు కింది ఊళ్లో దించుతుంది, పాత ఊరు నిట్టనిలువు కొండ మీద. చక్రాల పెట్టెను ఆ రాళ్ల వీధిలో లాగితే చక్రాలు మిగలవు. టాక్సీ ఎక్కండి. 500 లెకులు అడిగాడు, బేరం చేయలేదు. యూరోకు వంద లెకులు అనుకుంటే లెక్క సులువు. ఇంకో లెక్క కూడా ఉంది. 1965లో పాత పది లెకులను కొత్త ఒకటిగా మార్చారు. అరవై ఏళ్లయినా చాలామంది పాత లెక్కలోనే చెబుతారు. బజారులో అమ్మ ఆ గుంతల పెనం బేరమాడితే దుకాణదారు "పదిహేను వేలు" అన్నాడు. అమ్మ పెనం అక్కడే పెట్టి వెనక్కి తగ్గింది. తీరా అడిగితే అది పదిహేను వందలు. కార్డులు గెస్ట్‌హౌస్‌లలో దాదాపు చెల్లవు, ఏటీఎంలు విదేశీ కార్డుకు గట్టిగానే వడ్డిస్తాయి. యూరో నోట్లు దగ్గర పెట్టుకోవడమే మేలు.

జిరోకాస్తర్‌లో మా బస రాత్రికి 35 యూరోలు. పాఠమంటూ ప్రకటన ఏదీ లేదు. ఈ పెద్దావిడ మధ్యాహ్నం వంటకు కూరగాయలు తరుగుతుంటే అమ్మ వెళ్లి పక్కన కూర్చుని తనూ కత్తి పట్టుకుంది. అంతే. మనవడు ఇస్కూలు నుంచి వచ్చాక ఇంగ్లీషులో సాయం చేశాడు గానీ అప్పటికి పని సగం అయిపోయింది.

చిఫ్చికి ఉడికిన అన్నం, గుడ్లు, పుదీనా, ఉప్పు, మిరియాలు. చేత్తో ఉండ చేసి నూనె వేసిన గుంతలో పెట్టి తిప్పుతూ ఎర్రగా కాల్చాలి. చిక్కల్లా గుడ్డు దగ్గరే. అమ్మ గుడ్డు తినదు. గుడ్డు లేకుండా ఉండ విడిపోతుందని పెద్దావిడ చేతులతో పేలిపోయినట్టు చూపించింది. అమ్మ ఒక గిన్నెలో అన్నం విడిగా తీసుకుని, నీళ్లు చల్లి, మెత్తగా పిసికి, గుప్పెడు మైదా కలిపింది. పుదీనా కాక తన సంచిలోంచి ఎండుమిర్చి రెండు తుంచి వేసింది. పెద్దావిడ పక్కన నిలబడి అనుమానంగా చూసింది. మొదటి రెండూ గుంతలోనే విరిగిపోయాయి. "నూనె కాగలేదు" అంది అమ్మ తెలుగులో. ఆవిడ మంట పెంచింది. ఆ తరువాత ఐదు నిలబడ్డాయి. చెంచా మొనతో ఉండను తిప్పడంలో అమ్మకు పాఠం అక్కర్లేకపోయింది. పెద్దావిడ ఒకటి కొరికి, కారానికి కళ్లు తుడుచుకుని, రెండోది తీసుకుంది. "త లుమ్షిన్ దువార్త్" అంది. నీ చేతులు చల్లగా ఉండాలి అన్నట్టు, వండినవాళ్లతో అనే మాటట. చివర్లో పంచదార పాకంలో ఊరిన అంజూరపు గ్లికో, కొండ మూలికతో కాచిన 'చాయ్ మాలి'. చాయ్ అన్న మాట అక్కడా చాయే.

ఊరి గురించి రెండు ముక్కలు. కోట ఎక్కాను, నేనొక్కణ్నే. నియంత ఎన్వర్ హోజా పుట్టినచోట ఇప్పుడు పాతకాలపు ఇంటి సామాన్ల మ్యూజియం ఉంది. అందులోనూ వంటగదే బాగుంది. వాన పడితే వీధులు జారుడుబల్లలు, మంచి చెప్పులు వేసుకోండి. పెద్దవాళ్లకు బెరాత్ కన్నా ఇదే కష్టమైన ఊరు. అయినా మళ్లీ వెళ్తే రాత్రులన్నీ ఇక్కడే ఉంటాం.

బయలుదేరే రోజు ఉదయం గది డబ్బులు ఇచ్చి, వంటకు ఎంత ఇవ్వాలని మనవడి చేత అడిగించాను. పెద్దావిడ తల అటూ ఇటూ ఆడించింది. అది వాళ్ల అవునో, విదేశీయుల కోసం నేర్చుకున్న కాదో నాకు తేలలేదు. మనవడు కూడా భుజాలెగరేశాడు. అమ్మ నా చేతిలోంచి మూడు వేల లెకులు తీసుకుని పంచదార డబ్బా కింద పెట్టింది, దాని మీద మిగిలిన ఎండుమిర్చి పొట్లం ఉంచింది. ఏడింటి బస్సుకు టాక్సీ వచ్చేసింది.