రైఫిల్ బ్యారెల్ ట్విస్ట్: 1:12, 1:9, 1:7లో ఏది మేలు?

సంక్రాంతికి ఇంటికొచ్చిన మా మేనల్లుడు బ్యాగులోంచి మడతపెట్టిన టార్గెట్ కాగితం తీసి నా ముందు పరిచాడు. పది కన్నాల్లో ఆరు గుండ్రంగా లేవు, పొడుగ్గా, జీడిపిక్కను కాగితానికేసి అదిమినట్టున్నాయి. మాది పలాస, అందుకే ఆ పోలిక ముందు తట్టింది. షూటింగ్ వాళ్లు దాన్ని కీహోల్ అంటారు, అంటే బుల్లెట్ ముక్కుతో కాకుండా పక్కకి తిరిగి తగిలిందన్నమాట. "ఏటి మావా ఇది, రైఫిల్ పాడైపోయిందేటి?" అని వాడి టెన్షన్. రైఫిల్‌కి ఏమీ కాలేదు. .22 రైఫిల్లో మామూలుగా వాడే 40 గ్రెయిన్ల బుల్లెట్ (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు చెప్పే చిన్న కొలత) కాకుండా, క్లబ్బులో ఉన్నాయని 60 గ్రెయిన్లవి వేశాడు. ఆ బ్యారెల్ ట్విస్ట్ 1:16. బరువుతో పాటు అంత పొడుగైన బుల్లెట్‌ని నిలబెట్టడానికి ఆ తిప్పు చాలదు.

1:16 అంటే బ్యారెల్ లోపలి గాడుల వెంట 16 అంగుళాలు ముందుకెళ్లేసరికి బుల్లెట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 1:7 అయితే ఏడంగుళాలకే ఒక చుట్టు. అంకె తగ్గేకొద్దీ తిప్పు పెరుగుతుంది. "అయితే 1:7 తీసేసుకుంటే గొడవే ఉండదు కదా మావా" అన్నాడు వాడు, చాలామంది అనేదీ అదే. నేను ఒప్పుకోను. ముందు చూడాల్సింది బుల్లెట్‌ని, అందులోనూ బరువుని కాదు, పొడుగుని. పొట్టి బొంగరం కాస్త తిప్పినా నిలబడుతుంది, సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని గట్టిగా తిప్పకపోతే పడిపోతుంది.

ఈ లెక్కని 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లండ్ గణిత పండితుడు సులువు చేసి ఇచ్చాడు. బుల్లెట్ వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, దాన్ని 150తో గుణించి, బుల్లెట్ పొడుగుతో భాగిస్తే కావాల్సిన ట్విస్ట్ అంగుళాల్లో వస్తుంది. మా వాడిచేత ఫోన్లోనే చేయించాను. .22 బుల్లెట్ వ్యాసం 0.223, 40 గ్రెయిన్లదాని పొడుగు సుమారు 0.46 అంగుళం. జవాబు 16.2. .22 బ్యారెళ్లకి 1:16 ఎందుకు పెడతారో వాడికి అక్కడే అర్థమైపోయింది. వేగం బాగా ఎక్కువున్న రైఫిళ్లకి 150 బదులు 180 వేసుకుంటారు.

ఇక అసలు పోటీ. సైన్యాలు వాడే 5.56 మిల్లీమీటర్ల రైఫిల్ మన దగ్గర మామూలు లైసెన్సుకి దొరికేది కాదు, కానీ ట్విస్ట్ సంగతి అర్థం కావాలంటే దాని కథను మించింది లేదు. ఈ రకానిదే అయిన అమెరికా సైన్యం రైఫిల్ ఎమ్16 తొలి బ్యారెళ్లు 1:14. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడుతుంది కదా, అందులో 55 గ్రెయిన్ల బుల్లెట్ ఊగిపోతోందని 1963లో 1:12కి మార్చారు. తర్వాత 1980ల్లో 62 గ్రెయిన్ల బుల్లెట్ వచ్చింది. పెరిగింది ఏడు గ్రెయిన్లే, కానీ లోపల కొంత భాగం ఉక్కు. ఉక్కు సీసం కంటే తేలిక, కాబట్టి ఆ బరువు తూగడానికి బుల్లెట్ పొడుగెక్కింది, 1:12 దాన్ని నిలబెట్టలేకపోయింది. నిజానికి దానికి 1:9 సరిపోతుంది. అయినా 1:7 పెట్టారు, ఎందుకంటే వెలుగు చిమ్ముతూ పోయే ట్రేసర్ బుల్లెట్ ఇంకా పొడుగు, చలిలో కూడా అది నిలబడాలి. అంటే 1:7 అనేది ట్రేసర్ కోసం తీసుకున్న నిర్ణయం, గురి కోసం కాదు.

మరి ఎక్కువ తిప్పితే నష్టమేంటి? సెకనుకు 3,000 అడుగుల వేగంతో పోయే బుల్లెట్ 1:12లో నిమిషానికి 1,80,000 చుట్లు తిరుగుతుంది, 1:9లో 2,40,000, 1:7లో మూడు లక్షలు దాటుతుంది. రాగి తొడుగు పల్చగా ఉన్న తేలికపాటి బుల్లెట్లు ఆ తిప్పుకి ఒక్కోసారి గాల్లోనే చిట్లిపోతాయి. చిట్లకపోయినా, తయారీలో ఒక పక్క వెంట్రుకవాసి బరువు ఎక్కువుంటే ఆ తేడాను ఎక్కువ తిప్పు ఇంకా పెద్దది చేస్తుంది. అందుకే నా ఓటు 1:9కి. 55 నుంచి 69 గ్రెయిన్ల దాకా అది హాయిగా మోస్తుంది. 77 గ్రెయిన్లు వాడేవాళ్లు 1:8కి వెళ్లాలి. 80 దాటిన పొడుగు బుల్లెట్లతో దూరం కొట్టేవాళ్లకి తప్ప 1:7 అక్కర్లేదు. తేలిక బుల్లెట్ తప్ప ఇంకోటి వాడనంటే 1:12 ఇప్పటికీ మంచిదే. ఇంకా లావు బుల్లెట్ వేసే .308 రైఫిల్ సంగతికొస్తే 168 గ్రెయిన్లకి 1:12 చాలు, అంతకంటే బరువైనవి కూడా వాడాలనుంటే 1:10 మేలు.

గాలిని కూడా మర్చిపోకూడదు. నేను సర్వీసులో లేహ్‌లో ఉన్నాను, సుమారు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ చలి ఎంతున్నా గాలి పల్చన, అందువల్ల ఇక్కడ అంతంతమాత్రంగా నిలబడే బుల్లెట్ అక్కడ నిలకడగా పోతుంది. కళింగపట్నం తీరం లాంటి చోట, సముద్ర మట్టం దగ్గర, గాలి చిక్కన. కొండ మీద బాగా పనిచేసిందని ఎవరో చెప్పిన జోడీని నమ్మి ఇక్కడ వాడితే తేడా రావచ్చు. లెక్కకి సరిగ్గా అంచున ఉండే ట్విస్ట్ కంటే కొంచెం మిగులున్నది తీసుకోమనేది అందుకే.

ఇంకొకటి, బ్యారెల్ మీద రాసిన అంకెని నమ్మి ఊరుకోవద్దు, కొలుచుకోండి. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా చిందీ చుట్టి బ్యారెల్లోకి తొయ్యాలి. రాడ్ మీద పైవైపు ఒక గుర్తు, రాడ్ లోపలికి వెళ్లే చోట ఇంకో గుర్తు పెట్టుకోవాలి. మెల్లగా తోస్తుంటే గాడులతో పాటు రాడ్ తిరుగుతుంది, పైనున్న గుర్తు ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేసరికి రాడ్ ఎంత లోపలికెళ్లిందో అదే మీ ట్విస్ట్. పండగ అయ్యాక క్లబ్బులో వాడి రైఫిల్ మీద మూడుసార్లు చేశాం. టేపు మీద మూడుసార్లూ 41 సెంటీమీటర్లకి ఒకట్రెండు గీతలు తక్కువగా వచ్చింది, అంటే 16 అంగుళాలే. మిగిలిన 60 గ్రెయిన్ల డబ్బా అక్కడే అప్పజెప్పి 40వి తీసుకున్నాడు. తర్వాతి కాగితం మీద పదికి పదీ గుండ్రటి కన్నాలే.