కోపతాపాల ఇంగ్లీషు మాటలకు మెరియమ్-వెబ్‌స్టర్ సైటు ఎంతవరకు అక్కరకొస్తుంది?

విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షకు చదివేవాళ్లనీ, న్యూస్ డెస్కులో ఏజెన్సీ వార్తలు తెలుగు చేసేవాళ్లనీ ఒకేలా తిప్పలు పెట్టే మాటలు కొన్ని ఉన్నాయి: ఎక్రిమోనియస్, విట్రియాలిక్, కాస్టిక్, స్కేదింగ్, మార్డెంట్, రాంకరస్. వీటన్నిటికీ ‘కటువైన’ అని ఒకటే అర్థం రాసుకుని బట్టీపడితే పరీక్షలోనూ అనువాదంలోనూ దెబ్బతింటాం. ఈ చిక్కుముడి విప్పడానికి అమెరికన్ ఇంగ్లీషు నిఘంటువు మెరియమ్-వెబ్‌స్టర్ ఉచిత వెబ్‌సైటు చాలా మంచి సాధనం. కాకపోతే ఎక్కడ చూడాలో తెలిసి ఉండాలి.

చాలామంది నేరుగా థెసారస్‌లోకి, అంటే సమానార్థకాల విభాగంలోకి వెళ్లి, అక్కడ కనిపించే పొడుగాటి జాబితాను నోట్సులోకి ఎక్కించుకుంటారు. ఆ జాబితా మాటల్ని ఒకచోట చేర్చుతుందే గానీ, తేడా చెప్పదు. మనకు కావలసింది డిక్షనరీ పేజీలో కిందికి జరిపితే వచ్చే ‘చూజ్ ద రైట్ సినానిమ్’ అనే భాగం. కాస్టిక్ పేజీ తెరిచి చూడండి. నాలుగు మాటల్ని పక్కపక్కన పెట్టి విడదీస్తుంది. కాస్టిక్‌లో చురుక్కుమనిపించే చమత్కారం ఉంటుంది. మార్డెంట్‌లో అదే చమత్కారం ఎదుటివాడు లేవకుండా కొట్టేంత పదునుగా ఉంటుంది. ఎక్రిడ్‌లో చేదుతోపాటు చాలాసార్లు చెడు కోరే బుద్ధి కూడా కలుస్తుంది. స్కేదింగ్ అంటే ఆగ్రహంతో, ఏమాత్రం కనికరం లేకుండా చేసే దాడి. ఇది చదివాక ఎత్తిపొడుపు కాస్టిక్‌కు దగ్గరని, తూర్పారబట్టడం స్కేదింగ్‌కు దగ్గరని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

యాంగర్ పేజీ ఇంకా విలువైనది. మన పత్రికల్లో అన్నిటికీ ‘ఆగ్రహం’ ఒక్కటే సరిపెడుతుంటాం కదా, అక్కడ ఆరు మెట్లు కనిపిస్తాయి. యాంగర్ అందరూ వాడే మామూలు మాట, కోపం ఎంతో, ఎందుకో చెప్పదు. రేజ్‌లో మనిషి అదుపు తప్పుతాడు. ఫ్యూరీ దాదాపు ఉన్మాదం. ఐర్‌లో కోపం కాస్త తీవ్రమై ముఖంలో కనిపిస్తుంది. ఇండిగ్నేషన్ అన్యాయం చూసి పుట్టే ధర్మాగ్రహం, నిండు సభలో ద్రౌపది ప్రశ్నల్లో ఉన్నది అదే. రాథ్‌లో శిక్షించాలన్న ఉద్దేశం ఉంటుంది, దుర్వాసుడిది ఆ కోవ. ఇదే తీరులో మ్యాలిస్ (చెడు కోరే బుద్ధి), ఎన్మిటీ (శత్రుత్వం) పేజీలు కూడా చూడాలి. స్పైట్ అంటే చిన్న చిన్న వేధింపుల్లో బయటపడే అక్కసు. గ్రడ్జ్ అంటే తీర్చుకునేదాకా దాచుకునే కక్ష. జరిగిన అన్యాయాన్ని తలచుకుని తలచుకుని లోలోపల రగలడం రాంకర్.

మాట పుట్టుక చెప్పే భాగాన్ని దాటవేయకండి, జ్ఞాపకం ఉండటానికి అదే ఆధారం. విట్రియల్ అంటే ఒకప్పుడు గంధకామ్లం. కాస్టిక్ వెనక కాల్చడం అనే గ్రీకు అర్థం ఉంది, కాస్టిక్ సోడాలోదీ అదే. మార్డెంట్‌కు లాటిన్లో కొరకడమని అర్థం. బట్టకు రంగు పట్టించే పదార్థాన్ని కూడా ఇంగ్లీషులో మార్డెంట్ అనే అంటారు. మన కలంకారీలో పటిక చేసే పని అది.

ఇక లోటు. ఏ మాట దేని పక్కన కుదురుతుందో ఈ సైటు సరిగా చెప్పదు. ఎక్రిమోనియస్ విడాకులకు, వాగ్వాదానికి, సంబంధాలు తెగిపోవడానికి వాడతారు. అంటే రెండు వైపులా చేదు ఉండాలి. విట్రియాలిక్ మాటలకు, రాతలకు, దాడికి వాడతారు, ఒకవైపు నుంచే విషం కక్కినా సరిపోతుంది. ‘కాస్టిక్ డివోర్స్’ అని రాస్తే చదివేవాడు ఆగిపోతాడు. సైటులో ‘రీసెంట్ ఎగ్జాంపుల్స్’ ఉన్నాయి గానీ, అవి ఆన్‌లైన్ నుంచి యంత్రం ఏరినవి. ముందూవెనకా తెలియక కొన్ని అయోమయంగా ఉంటాయి. అందుకే రెండో ట్యాబ్‌లో ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ సైటు తెరిచి పెట్టుకోవాలి. అదీ ఉచితమే. ఉదాహరణలు పొట్టిగా, పనికొచ్చేలా ఉంటాయి. విట్రియాలిక్ వంటి మాటల పక్కన ‘ఫార్మల్’ అన్న గుర్తూ ఉంటుంది.

జీఆర్‌ఈ సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నలో ఆరు మాటల్లోంచి రెండు ఎంచుకోవాలి. ఒకటి తప్పినా మార్కు రాదు. సమానార్థకాల జత కనబడగానే టిక్కు పెట్టేవాళ్లు పడేది ఇక్కడే, ఆ జత వాక్యానికి అతకకపోవచ్చు. వాక్యంలో ఇరుపక్షాల తగాదా ఉంటే ఎక్రిమోనియస్, రాంకరస్ వైపు చూడాలి. ఒక విమర్శకుడి కలం బలం గురించైతే కాస్టిక్, మార్డెంట్. ఈ పద్ధతిలో రోజుకు నాలుగైదు మాటల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు, పెట్టుకుంటే తేడాలు మళ్లీ కలగాపులగం అవుతాయి.

ఉచ్చారణకు మెరియమ్-వెబ్‌స్టర్ సొంత గుర్తులు కొత్తవాళ్లకు మింగుడుపడవు. వాటిని వదిలేసి స్పీకర్ బొమ్మ నొక్కి వినండి. స్కేదింగ్‌ను ‘స్కాథింగ్’ అనడం మనవాళ్లలో మామూలే, ఒకసారి వింటే సరిపోతుంది. వినిపించేది అమెరికన్ పలుకు. బ్రిటిష్ పలుకు కూడా కావాలంటే ఆక్స్‌ఫర్డ్ సైటులో రెండూ ఉంటాయి.

ఫోన్‌లో ప్రకటనలు అడ్డొస్తాయి, మనకు కావలసిన ‘చూజ్ ద రైట్ సినానిమ్’ భాగం పేజీలో బాగా కిందికి పోతుంది. వీలైతే కంప్యూటర్‌లోనే చూడండి. అన్ని మాటలకూ ఆ భాగం ఉండదు కూడా. లేనప్పుడు అదే కుటుంబంలోని తేలిక మాట, యాంగర్ లాంటిది, వెతికితే తరచుగా దొరుకుతుంది.