కారు మెడదిండు: కునుకు తీయడానికి సరే, గుద్దుడికి కాదు

మా మరిది విజయనగరం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి టాక్సీ తిప్పుతాడు. ఈ మధ్య ఊళ్లోనే ఒక కార్ డెకార్ షాపులో హెడ్‌రెస్టుకి కట్టుకునే మెడదిండ్లు జత కొన్నాడు, 900 రూపాయలు. ప్రమాదంలో మెడకి పూర్తి రక్షణ అని పెట్టె మీద పెద్దక్షరాలతో ఉంది. నేను ఫిజియోథెరపిస్టుని. వెనక నుంచి బండి గుద్దాక మెడ తిప్పలేక వచ్చేవాళ్లని తరచూ చూస్తుంటాను. అందుకే "ఏటి వదినా, బాగున్నాయా?" అని అతను అడిగితే ఊరికే తలూపలేదు. స్కేలు పట్టుకుని కారెక్కాను.

ముందు మంచి సంగతులు. ఫోమ్ మెత్తగా ఉన్నా కూర్చోగానే అణిగిపోయే రకం కాదు. స్టేషన్ బయట రైలు కోసం బండి ఆపుకుని కునుకు తీసేవాళ్లకి సుఖంగానే ఉంటుంది. వెల్వెట్ గుడ్డ అందంగా ఉంది గానీ మన ఎండలకి పనికిరాదు, కాసేపటికే మెడ వెనకంతా చెమట. ఎలాస్టిక్ పట్టీ అయితే మరీ నాసి. భోగాపురం దాటేసరికి దిండు భుజాల మీదకి జారిపోతోంది.

ఇక ఆ రక్షణ సంగతి. ఆగి ఉన్న కారుని వెనక నుంచి గుద్దితే తల వెనక్కి విసురుకుపోతుందని అనుకుంటాం. నిజానికి తొలి క్షణంలో తల ఉన్నచోటే ఉంటుంది, సీటే వీపుని ముందుకి తోసేస్తుంది. వీపు కదిలి తల కదలకపోవడంతో మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకి వంగి ఎస్ అక్షరంలా మెలిక పడుతుంది. గుద్దిన 50 నుంచి 75 మిల్లీసెకన్లలో ఇదంతా అయిపోతుంది. మెడ కండరాలు స్పందించడం మొదలుపెట్టేదే దాదాపు 70 నుంచి 100 మిల్లీసెకన్లకి, బలం పుంజుకోవడానికి ఇంకొంచెం పడుతుంది. కాబట్టి గుద్దాక మెడ బిగబట్టుకుందాం అంటే కుదరదు. అంతకు ముందే ఎలా కూర్చున్నామో దాన్ని బట్టే కండరం మీద భారం పడుతుంది.

దీని మీద కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో కుమార్, ఫెరారీ, నారాయణ్ అనే పరిశోధకులు 2000 తర్వాతి ఏళ్లలో వరసగా ప్రయోగాలు చేశారు. వాలంటీర్లని కదిలే సీట్లో బెల్టుతో కూర్చోబెట్టి, కండరం ఎంత బిగుసుకుంటుందో పట్టిచ్చే ఎలక్ట్రోడ్లు మెడ మీద అంటించి, తక్కువ వేగంతో కుదిపి చూశారు. తల నిటారుగా ముందుకి ఉన్నప్పుడు రెండు వైపుల కండరాలూ భారాన్ని ఇంచుమించు సమానంగా పంచుకుంటాయి. తల ఒక పక్కకి తిరిగి ఉంటే అవతలి పక్క కండరం మీద ఎక్కువ పడుతుంది. ఆ కండరం ఎక్కడుందో తెలియాలంటే తల కుడివైపుకి తిప్పి మెడ ఎడమ పక్క తడిమి చూడండి. చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా తాడులా తేలుతుంది. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అంటాం. నాతవలస టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ పడలేదని కుడివైపు కిటికీలోంచి వాదిస్తున్న డ్రైవర్‌ని అప్పుడే వెనక బండి గుద్దితే, దెబ్బ ఎక్కువ పడేది ఎడమవైపు ఈ తాడు మీదే. ఇంకో మాట. ఒకే కుదుపు మళ్లీ మళ్లీ తగిలితే ఒళ్లు అలవాటు పడి కండరాల స్పందన తగ్గుతుందని ల్యాబుల్లో తేలింది. రోడ్డు మీద ఎవరికీ రిహార్సల్ ఉండదు కదా.

సరే, స్కేలు దగ్గరకి వద్దాం. సీటు కాస్త నిటారుగా పెట్టి, దిండు తీసేసి మరిదిని కూర్చోమన్నాను. తలకీ హెడ్‌రెస్టుకీ మధ్య బెత్తెడు జాగా, బాగానే ఉంది. అతనికి అలవాటైన వాలులో కూర్చోమంటే అదే 12 సెంటీమీటర్లయింది. దిండు కట్టి మళ్లీ కొలిస్తే 14 దాటింది! దిండు ఆనేది మెడ గుంటలో. అది మెడనీ భుజాల్నీ ముందుకి నెడుతోంది, తల వెనక మాత్రం ఏమీ లేదు. గుద్దినప్పుడు ఆగాల్సింది తల. హెడ్‌రెస్ట్ ఉన్నదే అందుకు. అమెరికాలో 1969 నుంచి కార్ల ముందు సీట్లకి దాన్ని తప్పనిసరి చేసింది తల వాల్చుకుని పడుకోవడానికి కాదు. అమ్మేవాళ్లు ఏం చెప్పినా, ఈ దిండు ఉన్న ఖాళీని పెంచుతోంది గానీ పూడ్చడం లేదు.

"మరి నడుం నొప్పికి వాల్చుకోకపోతే ఎలగ వదినా?" అన్నాడు. నడుం దగ్గర పల్చటి దిండు పెట్టుకో, ఇది తీసెయ్ అన్నాను. సీటు బాగా వాలిస్తే గుద్దుడికి ఒళ్లు సీటు మీద పైకి జారుతుంది, అప్పటికే కిందున్న హెడ్‌రెస్ట్ ఇంకా కిందకి పోయినట్టే. దాని పై అంచు కనీసం చెవి పైభాగం ఎత్తులో ఉండాలి, నడినెత్తి దాకా వస్తే ఇంకా మంచిది. ఖాళీ 10 సెంటీమీటర్లు దాటకూడదు. మరిది బండిలో హెడ్‌రెస్ట్ కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే అడుగున ఉంది. బటన్ నొక్కి లాగితే పైకొచ్చింది. ఖర్చు సున్నా.

రెండో దిండు వెనక సీటుకట. అక్కడ హెడ్‌రెస్ట్ సీటుతో కలిసిపోయి ఉంది, పైకి రాదు. పొడుగువాళ్లకి మెడ దగ్గరే ఆగిపోతుంది, దానికి దిండు కడితే మరీ అన్యాయం. పైగా వెనక కూర్చున్నవాళ్లు వెనక్కి ఆనుకునేది ఎప్పుడు? మా అత్తగారు శ్రీకాకుళం దాకా రెండు ముందు సీట్ల మధ్యలోంచి తల పెట్టి కొడుకుతో కబుర్లు చెబుతూనే ఉంటారు. పిల్లలు ఫోన్‌లోకి వంగి ఉంటారు. అలా వంగిన తలకీ హెడ్‌రెస్టుకీ మధ్య అడుగు పైనే ఖాళీ. ఏ దిండూ అందుకోలేదు.

షాపువాళ్లు వాపసు తీసుకోం అన్నారు, మార్చి ఇమ్మంటే సీటు కవర్లు చూపించారు. బండి ఆపుకుని పడుకునేవాళ్లు కొనుక్కోవచ్చు, బండి కదిలే ముందు తీసి డిక్కీలో పడేస్తే చాలు. మెడకి రక్షణ అని నమ్మి కొనేవాళ్లయితే వద్దు. ఐదుకి రెండు నక్షత్రాలు ఇస్తున్నా. ఒకటి ఫోమ్‌కి, ఒకటి కవర్ విప్పి ఉతుక్కోవడానికి జిప్పు పెట్టినందుకు.