ఉంబ్రియా కొండల్లో ఐదేళ్ల సైకిలు

నేను ఉద్యోగానికి ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతానికి, దాని ముఖ్య పట్టణం పెరూజాకు వచ్చి ఆరేళ్లు దాటింది, సైకిలు కొని ఐదేళ్లు. పుట్టి పెరిగింది అనకాపల్లి దగ్గర కాబట్టి సైకిలు తొక్కడం కొత్తేమీ కాదు. కొండ మీదికి తొక్కడం మాత్రం ఇక్కడే నేర్చుకున్నాను. జర్మనీలో, హాలండులో ఉన్న మనవాళ్లు "కార్లు లేని దారులున్నాయటగా, మేమూ రావచ్చా?" అని తరచూ ఫోన్ చేస్తుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను.

రావచ్చు. కానీ కార్లు లేవంటే కష్టం లేదని అనుకోకండి. ఉంబ్రియాకు సముద్రం లేదు, పెద్ద మైదానాలూ లేవు. నదులు కింద, ఊళ్లు పైన. ప్రశాంతంగా తొక్కగలిగే దారులన్నీ నది గట్టునో, పాత రైలు కట్ట మీదో ఉంటాయి. రాత్రి పడుకునే మంచం మాత్రం కొండ మీద. రోజంతా హాయిగా వచ్చి, సాయంత్రం ఆరింటికి చివరి మూడు కిలోమీటర్లలో ఏడుపొస్తుంది. మొదటి ఏడాది నాకు త్రేవి దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. కింద ఆలివ్ తోటల్లోంచి చూస్తే ఊరు చేతికందేటట్టే ఉంది. గంట సేపు సైకిలు తోసుకుంటూ నడిచాను.

అన్నిటికంటే ఎక్కువసార్లు వెళ్లింది స్పొలేతో నుంచి నోర్చా వెళ్లే పాత రైలు దారి. లెక్కపెట్టలేదు గానీ ఇరవైసార్లు అయ్యే ఉంటుంది. 51 కిలోమీటర్ల ఈ లైను 1926లో మొదలై 1968లో మూతపడింది. పట్టాల మధ్య 950 మిల్లీమీటర్లే, మన మీటరు గేజి కంటే కాస్త తక్కువ. కొండలోకి పోయే బుల్లి రైలే అయినా మొదటి రోజు నుంచీ కరెంటుతోనే నడిచింది. ఎర్విన్ థోమన్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు దీన్ని వేయించాడు. 19 సొరంగాలు, 24 వంతెనలు. కొండను నేరుగా ఎక్కలేని చోట లైనును కొండలోపలే గుండ్రంగా తిప్పి పైకి తెచ్చాడు. ఎంత ఎక్కినా వెయ్యి మీటర్లకు 45 మీటర్లు మించి ఎక్కనివ్వలేదు. ఆ పుణ్యం ఇప్పుడు మన మోకాళ్లకు దక్కింది. ఒక గేరు వేసి కూర్చుంటే చాలు, రోడ్డు మీద వచ్చినట్టు ఉన్నట్టుండి నిట్టనిలువు గోడ ఎదురు కాదు.

స్పొలేతో నుంచి కప్రరేచ్చా సొరంగం దాకా ఎక్కుడే. ఆ సొరంగం పొడవు దాదాపు రెండు కిలోమీటర్లు, లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. మొదటిసారి జూలైలో ఫోను టార్చితో వెళ్లాను. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఫ్రిజ్ తలుపు తీసినట్టు చలి, పైనుంచి మెడ మీద నీటి చుక్కలు. ఫోనును ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని కంకర మీద నడపడం ఎంత తెలివితక్కువ పనో సగం దూరంలో తెలిసింది. దిగి నడిచాను. బయటపడేసరికి పళ్లు టకటకలాడుతున్నాయి. లైటు బలమైనది కావాలి, హ్యాండిల్‌కు గట్టిగా బిగించి ఉండాలి, జూలైలో అయినా సరే ఒక జాకెట్టు ఉండాలి.

పోయిన ఏడాది మా బావమరిది వచ్చాడు. వాడికి అద్దె సైకిలుతో ఇచ్చిన లైటు సరిగ్గా ఈ సొరంగంలోనే ఆరిపోయింది. "బావా, నువ్వు ముందు పోనియ్, నీ వెనకే వస్తా" అని గొంతు మాత్రం వినిపించింది. అరకు రైలు సొరంగంలోకి రాగానే బోగీ బోగీ కేకలు పెడుతుంది కదా, అలవాటు కొద్దీ వాడూ ఒక కేక పెట్టాడు. ఎదురుగా వస్తున్న ఒక ఇటాలియన్ కుటుంబం పిల్లాపెద్దా కలిసి తిరిగి అరిచారు. ఆ రెండు కిలోమీటర్లలో భయపడ్డట్టు ఎవరికీ గుర్తులేదు.

సొరంగం దాటాక సాంత్ అనతోలియా దాకా దిగుడు. మెలికలు తిరుగుతుంటే కింద ఒక వంతెన కనిపిస్తుంది, కాసేపటికి దాని మీదే మనం ఉంటాం. ఫోటోల్లో అందరూ చూసేది ఈ ముక్కే. ఫోటోలో కనపడనిది కంకర. కట్ట మీది రాళ్లు కొన్ని చోట్ల గుప్పెడంత ఉంటాయి, బ్రేకులు పట్టి పట్టి వేళ్లు మొద్దుబారతాయి. నా మొదటి సైకిలుకు 28 మిల్లీమీటర్ల సన్నటైర్లు ఉండేవి, ఒక్క రోజులో రెండు పంక్చర్లు. ఇప్పుడు 40 వేసుకున్నాను. ఆ తర్వాత ఈ దారిలో ట్యూబు మార్చింది ఒక్కసారే.

కింద నేరా నది పక్కన స్కెజ్జీనో వైపు వెళ్తే ఇక ఏ బాధా లేదు. చన్నీళ్లు, నీడ, చేపలు. పిల్లలతో వచ్చేవాళ్లు సొరంగాల జోలికి పోకుండా ఇక్కడే ఒక రోజు గడిపి వెళ్లిపోయినా నష్టం లేదు. నోర్చా వైపు దారి ఇంకా గరుకు. 2016 భూకంపాల తర్వాత ఈ లైనులో కొన్ని ముక్కలు మూసి మళ్లీ తెరిచారు. కాబట్టి బయల్దేరే ముందు రోజు స్పొలేతోలోనో సాంత్ అనతోలియాలోనో అడిగి కదలండి. ఆ ఏడాది అక్టోబరు 30న నోర్చాను కుదిపిన భూకంపం తీవ్రత 6.5. నేను మొదటిసారి వెళ్లినప్పుడు సెయింట్ బెనెడిక్ట్ చర్చికి ముందు గోడ ఒక్కటే, ఇనుప ఊతల మీద నిలబడి ఉంది. అంత దూరం తొక్కి వచ్చిన సంబరం దాని ముందు కాసేపు మాట్లాడలేదు.

తిండి సంగతి. నోర్చా అంటే పంది మాంసం. ఇటలీ అంతటా పంది మాంసం కొట్టును ఈ ఊరి పేరు మీదే 'నోర్చినెరీయా' అంటారు. శాకాహారులకు నోర్చా పైన కొండల్లో ఉన్న కాస్తెల్లూచ్చో ఊళ్లో పండే చిన్న మసూరు లాంటి పప్పు దొరుకుతుంది. మన పప్పులా మెత్తగా ఉడకదు, తాలింపూ ఉండదు, అయినా ఆకలి మీద అమృతం. రొట్టెలో మాత్రం ఉప్పు వేయరు. ఆరేళ్లయినా నాకు అలవాటు కాలేదు, నా సైడు బ్యాగులో ఆవకాయ సీసా ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పల్లెల్లో కొట్లు మూసేస్తారు, నాలుగు దాకా తీయరు. నీళ్లకు ఇబ్బంది లేదు, దాదాపు ప్రతి ఊళ్లోనూ కొళాయి ఉంది.

అస్సిసి నుంచి స్పొలేతో దారి గురించి ఎక్కువ చెప్పను. సుమారు 50 కిలోమీటర్లు, బల్లపరుపు, బెవాన్యా మీదుగా వాగుల గట్ల వెంట. మొదటిసారి టూరింగు చేసేవాళ్లకు మంచిది. వేసవిలో నీడ లేదు, ఫొలీన్యో దగ్గర బోర్డులు తికమక పెడతాయి. కుడి ఎడమల్లో కొండవాలు నిండా ఆలివ్ తోటలు. అస్సిసి, స్పొలేతోల మధ్య ఉన్న ఈ తోటలను 2018లో ఐక్యరాజ్య సమితి వ్యవసాయ సంస్థ వారసత్వ సేద్యంగా గుర్తించింది. ఒక దారికీ ఇంకో దారికీ మధ్య అతుకుల్లోనే అసలు టెన్షన్. అక్కడ ఐదారు కిలోమీటర్లు లారీలతో పాటు పోవాలి. నేనైతే అలాంటి చోట రైలెక్కేస్తాను. లోకల్ రైళ్లలో సైకిలుకు విడిగా టికెట్ తీసుకోవాలి.

మట్టిదారుల్లో ఇంకో రెండు సంగతులు. గొర్రెల మందతో తెల్లటి పెద్ద కుక్కలుంటాయి. వాటి ఉద్యోగం మందను కాయడం. పారిపోకండి, దిగి సైకిలును మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నెమ్మదిగా నడవండి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి దాకా వేట కాలం. అడవి పందుల కోసం తుపాకులు పట్టుకుని తిరుగుతారు, మెరిసే రంగు చొక్కా తప్పనిసరి. మంగళ, శుక్రవారాల్లో వేట నిషేధం. మన ఇళ్లలో ఆ రెండు రోజులూ గోళ్లు తీయొద్దంటారు చూడండి, అలా గుర్తు పెట్టుకున్నాను. అడవి దారుల ప్లాను ఆ రోజులకే వేసుకుంటాను.

గేర్ల గురించి అందరూ అడుగుతారు. ముందు చిన్న చక్రానికి 30 పళ్లు, వెనుక పెద్దదానికి 36 వేయించుకున్నాక కొండ మీది ఊళ్లకు సైకిలు తోయడం మానేశాను. బ్యాగుల బరువు ఎనిమిది కిలోలు దాటితే మళ్లీ తోయాల్సిందే. బ్యాటరీ సైకిలు తెచ్చుకుంటే సిగ్గుపడక్కర్లేదు, ఇక్కడి ముసలాళ్లు సగం మంది వాటి మీదే తిరుగుతారు. ఎక్కుడులో మనల్ని దాటుతూ "ఫోర్సా!" అని అరిచేదీ వాళ్లే. కానివ్వు, తొక్కు అని అర్థం.

ఏప్రిల్, మే, మళ్లీ సెప్టెంబరు చివర రండి. ఆగస్టు వద్దు. జూన్ చివర కాస్తెల్లూచ్చోలో పప్పు చేలు పూత మీద ఉంటాయి, నిజంగా చూడాల్సిందే. కానీ ఆ శనాదివారాల్లో కొండ మీద వరసకట్టిన కార్లు చూస్తే ఇదేనా ఆ ట్రాఫిక్ లేని ఉంబ్రియా అనిపిస్తుంది, బుధవారమో గురువారమో వెళ్లండి.

వచ్చే ఏప్రిల్‌లో బావమరిది మళ్లీ వస్తానంటున్నాడు. కొన్న లైట్ల ఫోటో నిన్న పంపాడు. రెండున్నాయి. రెండోది నాకట, నా లైటు మీద వాడికి నమ్మకం లేదట.