ముందు గొర్రె బొమ్మ, వెనుక కోడిమాంసం: కుక్కలకు ‘ఎలర్జీ ఫుడ్’ కొనేవారికి హెచ్చరిక

కుక్కకు ఎలర్జీ ఉందని ‘ల్యాంబ్ అండ్ రైస్’ రకం పొడి ఆహారం కొనబోతున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మా ల్యాబ్రడార్‌కు కోడిమాంసం పడదని పశువైద్యులు తేల్చిన తరువాత, ‘చర్మ ఎలర్జీ ఉన్న కుక్కలకు ప్రత్యేకం’ అన్న ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ విక్రేత నుంచి దిగుమతి సంచి తెప్పించాము. సంచి ముందువైపు పచ్చికలో నిలబడిన గొర్రెపిల్ల బొమ్మ ఉంది. వెనుకవైపు, సరిగ్గా పదార్థాల పట్టిక మీదనే, దిగుమతిదారు చిరునామా, ఎంఆర్‌పీ ముద్రించిన తెల్ల స్టిక్కరు అతికించి ఉంది. కొన్నాళ్లకే కుక్క చెవులు ఎర్రబడి కంపు కొట్టసాగాయి. ముందుకాళ్ల వేళ్ల సందులను అదేపనిగా నాకడంతో అక్కడి లేత వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. అనుమానం వచ్చి గోటితో ఆ స్టిక్కరు అంచు లేపి మెల్లగా ఊడదీస్తే, కింద ల్యాంబ్ మీల్ (గొర్రెమాంసం పొడి) తరువాత బియ్యం, ఆ వెంటనే పౌల్ట్రీ మీల్ (కోడి వంటి పెంపుడు పక్షుల మాంసం పొడి), మరికొంత దిగువన చికెన్ ఫ్యాట్ (కోడి కొవ్వు) కనిపించాయి.

విక్రేతను అడిగితే, గొర్రెమాంసం ఉందని మాత్రమే రాశామనీ, చికెన్ లేదని ఎక్కడా రాయలేదనీ, విప్పిన సంచి వాపసు తీసుకోబోమనీ జవాబిచ్చారు. ఈ వాదనలో మొదటి ముక్క పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలో పశు ఆహార నియంత్రణ అధికారుల సంఘమైన ఆఫ్కో రూపొందించిన, అక్కడి లేబుళ్లకు ఆధారమైన నమూనా నిబంధనల ప్రకారం, పేరులో ‘విత్ ల్యాంబ్’ అని ఉంటే ఆ మాంసం 3 శాతం ఉన్నా చాలు. ‘డిన్నర్’ వంటి మాట చేరితే 25 శాతం ఉండాలి. ‘ఫ్లేవర్’ అయితే రుచి తెలిసేంత ఉంటే సరిపోతుంది. తక్కిన మాంసం దేనిదో సంచి వెనుక పట్టికే చెప్పాలి. అందులో ‘మీట్ మీల్’, ‘యానిమల్ ఫ్యాట్’ అని జంతువు పేరు లేకుండా రాసి ఉంటే ఆ సంచిని అక్కడే వదిలేయండి.

‘గ్రెయిన్ ఫ్రీ’ (ధాన్యాలు లేనిది) అన్న మాటకు అదనపు ధర చెల్లించే ముందు కూడా ఆలోచించాలి. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 2016లో క్రోడీకరించి చూసినప్పుడు, ఆహార ఎలర్జీ ఉన్న కుక్కల్లో సుమారు 34 శాతానికి గొడ్డుమాంసం, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడిమాంసం, 13 శాతానికి గోధుమ పడలేదని తేలింది. అంటే గోధుమ కంటే మాంసం, పాలే ఎక్కువ కుక్కలకు పడటం లేదు. మన ఇళ్లలో చికెన్ మానిపించినా పెరుగన్నం మాత్రం ఆగదు కనుక, రెండో అంకెను గుర్తుంచుకోవాలి.

వెంట్రుకలు, లాలాజలం పంపితే ఎలర్జీల జాబితా ఇస్తామనే కిట్లను అసలు కొనకండి. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కృత్రిమ బొచ్చు పంపినా అటువంటి పరీక్షలో ఎలర్జీలు ఉన్నట్లు ఫలితాలు వచ్చాయి. రక్తపరీక్షలు కూడా ఆహార ఎలర్జీ విషయంలో నమ్మదగినవి కావు. ఏడాది పొడవునా దురద, మళ్లీ మళ్లీ వచ్చే చెవి ఇన్ఫెక్షన్, పాదాలు, మలద్వారం చుట్టూ నాకడం కనిపిస్తే ముందుగా పేలు, గోమార్లు, గజ్జి, ఫంగస్ లేవని పశువైద్యుల చేత నిర్ధారించుకోవాలి. ఆ తరువాత కనీసం 8 వారాలు, మునుపెన్నడూ తినని మాంసంతో వైద్యులు సూచించిన ఇంటి వంట గానీ, ప్రొటీన్‌ను సూక్ష్మంగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఆహారం గానీ మాత్రమే పెట్టాలి. దురద తగ్గాక పాత ఆహారం తిరిగి పెట్టినప్పుడు, సాధారణంగా రెండు వారాల లోపే, లక్షణాలు మళ్లీ వస్తే అప్పుడే అది ఆహార ఎలర్జీ అని తేలుతుంది. ఆ వారాల్లో ఇంటికొచ్చిన చుట్టం వేసిన బిస్కెట్టు, మాంసం రుచి కలిపిన నమిలే మాత్ర ఏదైనా పరీక్ష మొత్తాన్ని పాడుచేయగలదు. నెలనెలా ఇచ్చే మాత్రల సంగతి వైద్యులతో ముందే మాట్లాడండి, సొంతంగా ఆపేయకండి.

పెట్ షాపుల్లో కిలోల లెక్కన తూచి ఇచ్చే విడి ఆహారం ఈ కుక్కలకు ఎంతమాత్రం పనికిరాదు, ఎందుకంటే అన్ని డబ్బాల్లోనూ తిరిగేది ఒకటే గరిటె. ఆన్‌లైన్‌లో తెప్పించేవారు పదార్థాల పట్టిక ఫొటోను స్టిక్కరు లేకుండా ముందే అడగండి. పంపనివారి దగ్గర కొనకండి. సంచి రాగానే విప్పకముందే రెండు వైపులా ఫొటోలు తీసి, బిల్లుతో పాటు ప్రకటన స్క్రీన్‌షాట్‌ను కూడా దాచుకోండి. వాపసు నిరాకరిస్తే వాటిని పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మా ఫిర్యాదు అక్కడ నమోదై ఉంది, డబ్బు ఇంకా రాలేదు.