పర్షియన్ వయొలెట్ విత్తనాలు కొంటున్నారా? ముందు గింజ సైజు చూడండి

మిద్దెతోట వాళ్లందరికీ ఒక మాట. నీలం పూల పర్షియన్ వయొలెట్ కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే కాస్త ఆగి ఇది చదవండి. నేను రెండుసార్లు మోసపోయాను. మొదట విత్తనాలతో, తర్వాత మొక్కతో.

సెప్టెంబర్‌లో 249 రూపాయలు పెట్టి 50 గింజల ప్యాకెట్ తెప్పించాను. ఫొటోలో కుండీ నిండా గులాబీల్లాంటి నీలం పూలు. కవరు చింపి అరచేతిలో పోసుకుంటే నల్లగా, నున్నగా మెరిసే గింజలు, ఆవాల కంటే కొంచెం చిన్నవి. కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, చల్లితే నాలుగో రోజుకే మొలిచాయి. ఎంత సంబరపడ్డానో! రెండు వారాలు దాటాక ఆకుల అడుగున ఎరుపు తేలింది. మా అత్తయ్య వంగి చూసి, "ఇది తోటకూర కదమ్మా, పూల మొక్కంటావేంటి?" అన్నారు. నిజంగానే తోటకూర.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే రిటర్న్ గడువు 10 రోజులే, అయిపోయింది అన్నారు. అసలు కిటుకు అక్కడే ఉంది. మొలకని చూసి మొక్క ఏదో గుర్తుపట్టేసరికి గడువు దాటిపోతుంది. కాబట్టి ప్యాకెట్ వచ్చిన రోజే విప్పండి, విప్పేటప్పుడు వీడియో తీయండి.

అసలు గింజ ఎలా ఉంటుందో నాకు తర్వాత తెలిసింది. బెంగళూరులో మా పెద్దమ్మ కూతురు ఈ మొక్క పెంచుతుంది. తను కాగితం పొట్లంలో కొన్ని విత్తనాలు పంపింది. విప్పితే అడుగున చిటికెడు గోధుమరంగు పొడి, అచ్చం ముక్కుపొడిలా. ఫ్యాన్ ఆపేసి, ఊపిరి బిగబట్టి చూడాల్సి వచ్చింది. గ్రాముకి వేల గింజలు తూగుతాయి. వాటి మీద మట్టి కప్పకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. తడిపిన కోకోపీట్ మీద అలా చల్లి, పైన పల్చటి కవరు కప్పి, నేరుగా ఎండ తగలని వెలుతురులో పెట్టాలి. మొలకెత్తడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఆవగింజంత గింజ చేతికొచ్చి, నాలుగు రోజుల్లో మొలిస్తే అది పర్షియన్ వయొలెట్ కాదు. అంతే.

ఇక మొక్క సంగతి. జనవరిలో ఒక నర్సరీలో విరగబూసిన కుండీ 350కి కొన్నాను. "ఏళ్ల తరబడి ఉంటుంది మేడం, ఎండలో పెట్టండి" అన్నాడు. ఆ మాట నమ్మడమే పొరపాటైంది. మార్చి నెలాఖరుకి పూలు ముడుచుకుపోయాయి, మట్టికి ఆనుకున్న చోట కాండం నల్లబడి మెత్తబడింది. ఒక్క వారంలో మొత్తం వాలిపోయింది. దీన్ని సాధారణంగా ఒక్క సీజన్ మొక్కగానే పెంచుతారు. పూత అయ్యాక దాని పని అయిపోయినట్టే. ఆ సంగతి చెప్పి అమ్మితే నాకు బాధ లేదు, చెప్పలేదనే నా బాధ.

పేరు కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఇది పర్షియాది కాదు, వయొలెట్ అసలే కాదు. జెన్షియన్ కుటుంబానికి చెందిన ఎక్సాకమ్ అఫైన్. సొంతూరు అరేబియా సముద్రంలో యెమెన్‌కి చెందిన సొకోట్రా దీవి. 1880లో ఆ దీవికి వెళ్లి మొక్కలు సేకరించిన స్కాట్లాండ్ శాస్త్రవేత్త బాల్ఫర్ పేరు దీని శాస్త్రీయ నామం పక్కన ఉంటుంది. అక్కడ రాళ్ల చాటున, తేమ ఉండే నీడలో పెరిగే మొక్క ఇది. మన హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో బాల్కనీ గ్రిల్‌కి వేలాడదీస్తే ఎలా బతుకుతుంది? పొద్దుటి లేత ఎండ చాలు. మట్టి తడిగా ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు, మొదలు మీద పోయకూడదు.

కొంతమంది ఆఫ్రికన్ వయొలెట్‌ని చూపించి ఇదే అంటున్నారు. ఆకు తడిమి చూడండి. ఆఫ్రికన్ వయొలెట్ ఆకు మీద నూగు ఉంటుంది, దీని ఆకు చిన్నగా, నున్నగా మెరుస్తుంది. మామూలు రకం పువ్వుకి అయిదు రేకులు, మధ్యలో పసుపు కేసరాల గుత్తి. దగ్గరగా వాసన చూస్తే సన్నటి పరిమళం. ఈ గుర్తులు లేకపోతే డబ్బులివ్వకండి.

అక్క పంపిన పొడిలోంచి పదకొండు మొలకలొచ్చాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ కొత్తిమీర గింజంత ఉంది. పూశాక మంచి విత్తనం కట్టిందంటే, కావలసిన వాళ్లకి పొట్లం కట్టి పంపిస్తాను.