ఉక్కు తయారీలో ఎవరు గొప్ప: బెస్సెమరా, థామసా?

ఉక్కు అనగానే అందరూ హెన్రీ బెస్సెమర్ పేరే చెబుతారు. కరిగిన ఇనుములోకి గాలి ఊది, నిమిషాల్లో ఉక్కు చేసే పద్ధతిని 1856లో ప్రకటించాడు. షెఫీల్డ్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టి బాగా సంపాదించాడు, 1879లో సర్ బిరుదూ అందుకున్నాడు. కానీ ఖనిజంలో భాస్వరం ఎక్కువుంటే ఆ ఉక్కు పెళుసుగా విరిగిపోయేది.

నా మొగ్గు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ వైపే. లండన్ పోలీసు కోర్టులో గుమాస్తా! పగలు ఉద్యోగం, తీరిక దొరికితే రసాయన శాస్త్రం. వేల్స్‌లోని బ్లేనావన్ ఇనుప కర్మాగారంలో కెమిస్టుగా ఉన్న కజిన్ పెర్సీతో కలిసి, కొలిమి లోపలి గోడకు క్షార గుణమున్న ఇటుకలు వాడి, సున్నం వేసి, భాస్వరాన్ని చిట్టెంలోకి, అంటే కరిగిన ఇనుముపై తేలే మడ్డిలోకి, లాగేశాడు. ఆ చిట్టెమే తర్వాత పొలాలకు ఎరువైంది.

బెస్సెమర్ 85 ఏళ్లు బతికాడు. థామస్ 1885లో, 34 ఏళ్లకే పోయాడు.